జమ్మలమడుగు రోడ్డు మీద మా పరుగు

మా ఆయన ప్రొద్దుటూరులో డ్రిల్లు మాస్టరు. నేను జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో నర్సును. తాతల కాలంలో మిషను బడిలో చదువుకుని క్రైస్తవులైన కుటుంబాలు మావి. టీచరు, నర్సు తప్ప మా ఇళ్లలో మరో ఉద్యోగం ఎవరికీ తోచేది కాదు. నలభై దాటినవాళ్లకు విడిగా పరుగు పందేలు పెడతారని, వాటిని వెటరన్స్ పోటీలంటారని మా ఆయనకు ఎవరో చెప్పారు. అంతే, తెల్లవారేసరికి కాలేజీ గ్రౌండులో కొందరిని పోగుచేశాడు.

"నువ్వు గూడా రా. ఎవురన్నా కూలబడితే సూడాల గదా," అన్నాడు నాతో.

అట్లా నేను ఆ క్లబ్బుకు వాలంటీరునయ్యాను. లూనా మీద నీళ్ల క్యాను, దూది, కట్టుగుడ్డలు పెట్టుకుని వాళ్ల వెంట పోయేదాన్ని.

మొదటి నుంచీ ఉన్నవాళ్లలో ఇద్దరి సంగతి చెప్పాలి. ఒకాయన సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. అందరం మిలిటరీ మామ అనేవాళ్లం. రెండో ఆయనది పులివెందుల దగ్గర వేముల. గొర్రెలు మేపే ఇంట పుట్టి, ప్రొద్దుటూరు పక్కన పొలం కౌలుకు తీసుకుని బతుకుతున్నాడు. ఆయన్ను గొర్రెల పెద్దప్ప అనేవాళ్లం. చెప్పుల్లేకుండా పరిగెత్తేవాడు. జీవాల వెంట గుట్టలెక్కి దిగిన కాళ్లు. మిగతావాళ్లు నడుం పట్టుకుని నిలబడిపోయాక కూడా ఆయన పాట పాడుకుంటూ ఇంకో చుట్టు వేసి వచ్చేవాడు.

ఆ రోజుల్లో మా ఆసుపత్రికి వర్గాల కొట్లాటల్లో కత్తివేట్లు పడ్డ మనుషులు వచ్చేవాళ్లు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయంటే కట్టుగుడ్డలు ఎక్కువ తెప్పించి పెట్టుకునేవాళ్లం. ఒకసారి ఒకే వార్డులో రెండు వర్గాలవాళ్లనూ పడుకోబెట్టాల్సి వచ్చింది. మంచాల మధ్య పోలీసు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం అతను టీకి పోయి వచ్చేలోపల సెలైను స్టాండ్లు పీకి తలలు పగలగొట్టుకున్నారు. కుట్లు వేయించుకోవడానికి వచ్చినవాడి కుట్లు మళ్లీ విప్పి వేయాల్సి వచ్చింది. నేల కడిగింది నేనూ, మా వార్డు ఆయా. ఇంటికి వచ్చి అన్నం కలుపుకుంటే చేతికి అదే వాసన.

అట్లాంటి రోజుల్లో గ్రౌండు గేటు ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి దిగిన మనిషి పేరు వినని వాళ్లెవరూ మాలో లేరు. జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో ఒక వర్గానికి పెద్ద. ఆయన అన్నను పొలంలో నరికి చంపారు. తర్వాత అవతలి వర్గంలో ఒకడు చచ్చాడు. ఆ కేసులో ఈయనే మొదటి ముద్దాయి. సాక్షులు రాక కేసు కొట్టేశారు. ఊరొదిలి ప్రొద్దుటూరులో ఇల్లు తీసుకున్నాడు. షుగరొచ్చిందని, డాక్టరు పరిగెత్తమన్నాడని, మాతో చేర్చుకోమని అడిగాడు. పెద్ద పొట్ట, తెల్ల పంచె. అడిగే తీరు మాత్రం బడిలో చేరడానికి వచ్చినవాడిలా ఉంది.

మావాళ్లు పక్కకు పోయి మాట్లాడుకున్నారు.

"ఈయప్ప పక్కన పరిగెత్తితే మనమూ పోతాం. బాంబుకు మనిషి గుర్తుండాదా?" అన్నాడు మిలిటరీ మామ.

గొర్రెల పెద్దప్ప తల అడ్డంగా ఊపాడు. "మందలోకొచ్చిన జీవాన్ని తరిమితే అది తోడేలు నోట్లోకే గదప్పా పోయేది."

ఆ మాట మీద మా ఆయన ముందుకొచ్చాడు. "రాండి. జీపు గేటు బయటనే. ఆయుధం లోపలికి రాగూడదు. పార్టీ మాట ఎత్తగూడదు."

"అట్లనే సారూ," అన్నాడాయన. మరుసటి రోజు నుంచి అందరికీ ఆయన జీపాయన.

వారం తిరగకముందే ఒక పని జరిగింది. ఆయన వెంట వచ్చేవాడొకడు నీళ్ల క్యాన్ల పక్కన గుడ్డసంచి పెట్టి పోయాడు. అడ్డంగా ఉందని నేను దాన్ని ఎత్తాను. వాడు దూరంనుంచి గొంతు చించుకున్నాడు.

"అమ్మా! దించొద్దు! అట్లే పట్టుకో! కదలొద్దు!"

సంచిలోకి చూశాను. రంపపు పొట్టు మధ్య, దారం బిగించి చుట్టిన నాటుబాంబులు, గూట్లో గుడ్ల మాదిరి. నా చేతులు బిగుసుకుపోయాయి. జీపాయన పరుగున వచ్చి, ఒక్కొక్క వేలూ విడదీసి సంచి తీసుకున్నాడు. మెల్లిగా జీపు దాకా మోసి, తిరిగి వచ్చి, వాడి చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు వాడి పెదవి చీలింది. మళ్లీ కొట్టాడు. వాడు కింద పడితే కాలితో తన్నాడు. వాడు చెయ్యి అడ్డం కూడా పెట్టుకోలేదు.

"సారు ఏం చెప్పినాడురా? ఆయమ్మ చేతిలో పేలింటే?"

మా ఆయన ఆయన్ను రెండు చేతులా పట్టి వెనక్కి లాగాడు. "ఇది గూడా ఈడ జరగగూడదు," అన్నాడు. జీపాయన రొప్పుతూ నిలబడ్డాడు. నేను ఆ కుర్రవాడి పెదవికి దూది పెట్టాను. ఆ దెబ్బలు చూసి ఆయనంటే నాకు భయం ఎక్కువైంది, తగ్గలేదు.

అయితే మనిషి రోజూ కళ్లముందు పరిగెత్తుతుంటే భయం కూడా అలవాటు పడుతుంది. పొట్ట కరిగింది. పంచె పోయి నిక్కరు వచ్చింది. జీపాయన గొర్రెల పెద్దప్ప పక్కనే పరిగెత్తేవాడు, ఆయన ఊపిరి పట్టే తీరు చూసి నేర్చుకున్నాడు. ఒకరోజు నీళ్లు తాగుతూ నాతో అన్నాడు:

"అక్కా, ఇన్నేండ్లు నేను పరిగెత్తిందల్లా ఒగన్ని తరమడానికో, ఒగని చేతికి సిక్కకుండానో. ఊరికే పరిగెత్తడం ఇదే మొదులు. శానా బాగుండాది."

కడప పోటీలకు పోదామనుకున్నప్పుడు అందరికీ ఒకే రంగు బనియన్లు కుట్టిద్దామన్నారు. ఏ రంగు చెప్పినా అది ఏదో ఒక పార్టీ జెండాలో ఉంది. చివరికి ఏ జెండాలోనూ లేదని వంకాయ రంగు తీసుకున్నారు. అవి వేసుకుని అద్దం ముందు నిలబడ్డట్టు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఎన్నికలు అయిపోయాయి. పెద్దమనుషులు కూర్చుని రెండు వర్గాలకూ రాజీ చేశారని జమ్మలమడుగంతా చెప్పుకున్నారు. ఆ ఆదివారం జమ్మలమడుగు రోడ్డు మీద దూరం పరుగు పెట్టుకున్నాం. ఊరు దాటాక జీపాయన జీపును వెనక్కి పంపేశాడు.

"దాని పొగకు అందరికీ దగ్గొస్తాంది. పోండిరా, సద్దన్నం తినిపోండి," అన్నాడు తనవాళ్లతో.

నేను ముందుగా పోయి ఒక కల్వర్టు దగ్గర లూనా ఆపి నీళ్లు పెట్టుకుని కూర్చున్నాను. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడిలో శనగచేలు. ఎండ అప్పుడే పడుతోంది. దూరంగా వంకాయ రంగు బనియన్లు కనిపించాయి. అందరికన్నా ముందు జీపాయన, వెనక గొర్రెల పెద్దప్ప, ఇంకొంచెం వెనక మా ఆయన, మిలిటరీ మామ. జమ్మలమడుగు వైపు నుంచి ఒక వ్యాను వచ్చి నన్ను దాటుకుని పోయింది. లోపల మనుషులు ముఖాలకు తువ్వాళ్లు కట్టుకుని ఉన్నారు. నేను లేచి నిలబడ్డాను. నోట్లోంచి మాట రాకముందే మొదటి బాంబు పేలింది.

రోడ్డంతా పొగ. జీపాయన బాంబు తగలకముందే పక్కకు దూకి శనగచేలో పడ్డాడు. లేచి పరిగెత్తాడు. ఆరు నెలలుగా నేర్చుకున్న పరుగు అది. చూస్తుండగానే చాలా దూరం పోయాడు. వ్యానులోంచి దిగినవాళ్లకు పొగలో అది కనిపించలేదు. వాళ్లకు కనిపించింది వంకాయ రంగు బనియను వేసుకుని రోడ్డు మీద నిలబడిన ఒక మనిషి. గొర్రెల పెద్దప్ప.

వేటకొడవలి లేవగానే ఆయన ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను కాదప్పా! నేను వేములోన్ని! నాయనా, నేను కాదు!"

రెండో వేటు కూడా ఆ చేతి మీదే పడింది. ఆయన మోకాళ్ల మీద కూలాడు. నేను అరుస్తూ పరిగెత్తాను. మా ఆయన ఒకడి నడుం పట్టుకుంటే వాడు కొడవలి పిడితో కణత మీద కొట్టి పడేశాడు. మిలిటరీ మామ రోడ్డు పక్క గుంటలో బోర్లా పడుకుని ఉన్నాడు.

అప్పుడు చేలో నుంచి కేక వినిపించింది. జీపాయన ఆగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తాడు.

"ఒరేయ్! నేనీడుండా! ఆ పెద్దప్పనిడ్సండిరా! మీగ్గావాల్సింది నేను గదరా!"

అందరూ అటు తిరిగారు. ఆయన మాకు దగ్గరగా రాలేదు. వాళ్లు తనవైపు కదిలారని చూసుకుని, మాకు ఎడంగా, పొలం లోపలికి పరిగెత్తాడు. పక్కదారిలో వ్యాను అడ్డం పోయింది. రెండో బాంబు ఆయన కాళ్ల దగ్గర పడింది. ఆ తర్వాత నాకు కనిపించింది శనగమొక్కల మీద కొడవళ్లు లేవడం, దిగడం. ఆయన గొంతు వినిపించలేదు. వాళ్లు మాత్రం బూతులు తిడుతూ చాలాసేపు నరికారు. చనిపోయిన మనిషిని ఎందుకు అంతసేపు నరుకుతారో నాకు ఆసుపత్రిలో ఇన్నేళ్లున్నా అర్థం కాలేదు.

పెద్దప్ప చెయ్యి తోలుకు వేలాడుతోంది. పైన గుడ్డ బిగించి కట్టి, ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాను. నాపరాళ్ల లారీ ఒకటి వచ్చింది. డ్రైవరు మమ్మల్ని చూసి పోనిద్దామనుకున్నాడు. మా ఆయన చెవిలోంచి నెత్తురు కారుతుండగా రోడ్డుకడ్డంగా నిలబడ్డాడు. బండల మీద పెద్దప్పను పడుకోబెట్టి జమ్మలమడుగు తీసుకుపోయాం. దారిలో ఒక్కమాటే అడిగాడు.

"ఆయప్ప తప్పించుకున్న్యాడా?"

"తప్పించుకున్న్యాడు, గమ్మునుండు," అన్నాను.

చెయ్యి భుజం కింద దాకా తీసేశారు.

మూడో రోజు జీపాయన మనుషులు బదులు తీర్చుకున్నారు. అవతలి వర్గం పల్లెవాడొకడు సైకిలు మీద సంతకు పోతుంటే పట్టుకుని నరికారు. వాడు ఆ ఆదివారం వ్యానులో లేడని తర్వాత అందరికీ తెలిసింది. వాన్నీ మా ఆసుపత్రికే తెచ్చారు. గేటు దాటేలోపల చనిపోయాడు. వాడి ముఖం నేనే కడిగాను. జేబులో బిడ్డకు కొన్న గాజులు పగిలి గుచ్చుకుపోయాయి.

ఆ సాయంత్రమే జీపాయన భార్య వచ్చింది. వరండాలో నా ముందు నిలబడి అడిగింది.

"నువ్వు సూసినావంట గదా. నిజం చెప్పు. ఆయన తప్పించుకోగలిగే వాడేనా?"

అబద్ధం చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాను. "ఆ. దూరం పోయినాడు. పెద్దప్ప కేక ఇని నిలబడినాడు."

ఆమె నన్ను తోసుకుని వార్డులోకి పోయింది. పెద్దప్ప మంచం పక్కన నిలబడి ఆయన భుజానికి ఉన్న కట్టు వైపు చూసింది. కొడుతుందేమోనని నేను మధ్యలోకి పోయాను. పెద్దప్ప లేవబోయి, ఒక చేత్తో పట్టు దొరక్క పక్కకు ఒరిగిపోయాడు. ఆమే పట్టుకుని కూర్చోబెట్టింది.

"నీ కోసం సచ్చినాడు," అంది.

"అవును తల్లీ."

"ఈ పొద్దు మావాళ్లు ఇంకొకన్ని సంపినారు. వాడేం చేసినాడు? వాడి పెండ్లాము గూడా ఇట్లనే తిరుగుతాంటాది గదా." ఆమె గట్టిగా అరిచింది. "సాలు! ఇంగ సాలు!" ఆ వార్డులో రెండు పక్షాలవాళ్లూ ఉన్నారు.

ఆమె అన్నంత మాత్రాన ఏదీ ఆగలేదు. బందులు జరిగాయి, బస్సులు తగలబడ్డాయి, ఇంకా మనుషులు పోయారు. కేసు కడప కోర్టులో ఏళ్లు నడిచింది. సాక్ష్యం చెప్పొద్దని మా ఇంటి ముందు ఒకసారి బాంబు వేశారు, గోడ నల్లబడింది. అయినా నేను, మా ఆయన, పెద్దప్ప పోయి చెప్పాం. పెద్దప్ప మిగిలిన చేతితో ఇద్దర్ని చూపించాడు. మిలిటరీ మామ మాత్రం తానేమీ చూడలేదన్నాడు. ఆయన కూతుర్ని ఇచ్చింది అవతలి వర్గం పల్లెలోనే. తువ్వాళ్లు కట్టుకున్నవాళ్లను పొగలో ఎట్లా గుర్తుపట్టారని వకీలు అడిగాడు. కేసు కొట్టేశారు. అప్పటికి రెండు వర్గాల నాయకులూ ఒకే పార్టీలో ఉన్నారు. కోర్టు మెట్ల మీద భుజాలు తట్టుకుంటూ దిగడం చూశాను.

క్లబ్బు అప్పటికే చెదిరిపోయింది. కొందరు ఇళ్ల చుట్టూ నడుచుకునేవాళ్లు. పెద్దప్ప ఒక్కడే గ్రౌండుకు వచ్చేవాడు. ఒక చెయ్యి లేకపోతే పరుగు ఒక పక్కకు లాగుతుంది. మొదట్లో వంపు దగ్గర పడేవాడు. అందుకని నేను ఎడమ పక్కన పరిగెత్తడం మొదలుపెట్టాను. అప్పటిదాకా నేను పరిగెత్తినదాన్ని కాను, వాళ్ల వెంట లూనా మీద తిరిగినదాన్ని.

తీర్పు వచ్చిన కొన్నాళ్లకు పెద్దప్ప నన్ను వెంటబెట్టుకుని మిలిటరీ మామ ఇంటికి పోయాడు. మామ తలుపు తెరిచి, మమ్మల్ని చూసి, లోపలికి రమ్మనలేక, పొమ్మనలేక నిలబడ్డాడు.

"గుంటలో పండుకున్న్యా పెద్దప్పా నేను. మిలిటరీలో అన్నేండ్లుండి," అన్నాడు చివరికి.

"లేసింటే నువ్వూ పోయింటావు. నీకు బిడ్డుండాది ఆ ఊర్లో," అన్నాడు పెద్దప్ప. "కోర్టులో చెప్పింది మాత్రం తప్పే. దానికి నాకు కోపముండాది. ఉన్నా గూడా రా. ఒగన్నే పరిగెత్తాలంటే పొద్దు పోదు."

మామ ఆ రోజు రాలేదు. తర్వాతెప్పుడో వచ్చాడు. ఇద్దరి మధ్యా మాటలు తక్కువే. పెద్దప్ప నీళ్లు తాగేటప్పుడు గ్లాసు మామే అందించేవాడు, పెద్దప్ప ముఖం తిప్పుకుని తీసుకునేవాడు. ఆ కోపం పెద్దప్ప పోయేదాకా పోలేదు. పరుగూ మానలేదు.