అంటు ముడి మీద మట్టి

ఆ నర్సరీలో పాతికేళ్లుగా నారింజ అంట్లు కట్టింది ఆవిడే. ఆవిడ కట్టిన అంట్లు వందకి రెండు కూడా చచ్చేవి కావు. అందుకే తోటివాళ్లంతా అంట్లక్కా అని పిలిచేవారు. కొత్త సూపర్‌వైజరు వస్తూనే గోడకి మొక్క బొమ్మ తగిలించి, వేరు, కాండం, ఆకు, పువ్వు ఎక్కడెక్కడున్నాయో అందర్నీ రాయమన్నాడు. అంట్లక్కకి అక్షరం ముక్క రాదు.

"కాండమేదో తెలియనివాళ్లకి అంటుకత్తి ఎలా ఇస్తానమ్మా? నువ్వు నీళ్లు పట్టు చాలు."

"తెలియకేం సారూ, రాయడమే రాదు," అంటూనే కత్తి ఇచ్చేసింది.

ఆ వారమే కొత్తవాళ్లు మొక్కల్ని పెద్ద సంచుల్లోకి మారుస్తూ కాండానికి కొమ్మ అతికిన అంటు ముడి పైదాకా మట్టి కప్పేశారు. ముడికి గాలాడకపోతే మొక్క అక్కడే కుళ్లుతుంది. అంట్లక్క ఉండబట్టలేక సూపర్‌వైజరుకి ఆ మాటే చెప్పింది.

"ఏదీ, బొమ్మలో ఆ ముడి చూపించు," అని నవ్వాడతను. బొమ్మలో ముడి లేదు.

రెండు నెలల్లో మూడొందల మొక్కలు కుళ్లిపోయాయి. నీళ్లెక్కువ పోసిందని అంట్లక్కనే పనిలోంచి తీసేశారు. ఆవిడ బదులు వచ్చినామె గొట్టం అందుకుంటూ, "ఎంత పొయ్యాలక్కా?" అని అడిగింది.

"గోడ మీది బొమ్మనడుగు," అనేసి అంట్లక్క గేటు దాటింది.