రంగుల జ్వరం

నగరిలో మా వీధి మలుపు తిరగ్గానే పవర్‌లూమ్‌ల మోత చెవులకంటే ముందు అరికాళ్ళకు తగులుతుంది. మొన్న వెళ్ళినప్పుడూ అంతే. గడప దాటకముందే గ్రేస్ అక్క గుర్తొచ్చింది. ఆమె చిత్తూరులో ఒక బడిలో లెక్కల టీచరు, చర్చిలో ఆర్గన్ వాయించేది. పంతొమ్మిది వందల డెబ్బైలలో ఆమె, ఆమె తమ్ముడు ప్రసాద్, నేను కలిసి ఒక రాక్ బ్యాండు పెట్టాం. ప్రసాద్‌ది ఎలక్ట్రిక్ గిటారు, నావి డ్రమ్ములు. పెళ్ళిళ్ళలో, కాలేజీ వేడుకల్లో సినిమా పాటలు వాయిస్తే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆమెకు మాత్రం కుదురుండేది కాదు. ఇంకొకరి పాట వాయించి వస్తున్న ప్రతిసారీ దారంతా వేళ్ళు విరుచుకుంటూ నడిచేది.

ఒకసారి నగరిలో కచేరీకి వచ్చి మా ఇంట్లోనే జ్వరంతో పడిపోయింది. మగ్గాల పక్కగదిలో పడుకోబెట్టి మా అమ్మ గంజి తాగించింది. జ్వరం దిగి లేచి కూర్చోగానే అక్క నన్ను పిలిచింది.

“మునీ, మీ మగ్గాల మోతకు రంగులుండాయి. గోడల మీదంతా పసుపూ ఊదా పారతా ఉండె. ఆ మోత నువ్వు డ్రమ్ముల మీద పట్టగలవా?”

“జొరంలో ఏందేందో కనిపిస్తాది లేక్కా.”

“అదే వాయిద్దామంటా ఉండా.”

అలా పుట్టింది ‘రంగుల జ్వరం’. మద్రాసులో ఒక చిన్న కంపెనీ దాన్ని రికార్డుగా వేస్తానంది. పాట చివర గిటారు టేపును వెనక్కి తిప్పి వినిపించాలని అక్క పట్టు. ఆ వింత ధ్వని మెల్లగా సన్నబడి, ఆర్గన్ ఒక్కటే మిగులుతుంది. రికార్డింగు చేసే పెద్దమనిషి అది కోసేద్దామన్నాడు. “జొరం దిగేది ఆడే సార్. అది తీసేస్తే మనిషిని మంచంలోనే వదిలేసినట్టు” అందామె. ఆయన నవ్వి ఒప్పుకున్నాడు.

రికార్డు బయటికొచ్చాక, కొన్నవాళ్ళు ఆ చివరి భాగం విని అది చెడిపోయిందనుకుని అంగళ్ళకు తిరిగిచ్చేశారు. “పాట బాగుండాది టీచరమ్మా, చివర్లోనే ఏందో గీసుకపోయినట్టు మోగతాది” అన్నాడు చిత్తూరు అంగడాయన. కంపెనీవాళ్ళు ఆ భాగం తీసేసి మళ్ళీ వేస్తామన్నారు. అక్క వద్దంది. ప్రసాద్ ఆగలేకపోయాడు. “అందురూ వినే పాట కావాల్నా, నీకొక్కదానికే నచ్చే పాట కావాల్నా?” అని అరిచి, ఒప్పుకోవడానికి తనే మద్రాసు బస్సెక్కాడు. ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు తేలలేదు. ఇప్పటికీ తేలదు.

కోసిన పాట ఊరూరా మోగింది. ఒకరోజు తిరుపతి బస్టాండులో అక్కా నేనూ టీ తాగుతుంటే హోటల్లో అదే పాట వేశారు. గిటారు పైపైకి ఎగసి ఠక్కున ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

“బాగానే ఉండాది. అయిపోలేదు, అంతే” అంది.

గ్లాసు పక్కకు జరిపి, బల్ల మీద వేళ్ళాడిస్తూ మిగిలిన పాటను గొంతుతో అందుకుంది. ప్రయాణికులు తిరిగి చూశారు. నాకు ఒళ్ళంతా సిగ్గు. కాసేపటికి నా చేతులు వాటంతటవే బల్ల మీద దరువు పట్టాయి. చివరిదాకా వాయించి లేచేసరికి మా బస్సు వెళ్ళిపోయింది.

తర్వాత ఆమె సత్యవేడులో ఒక బడికి వెళ్ళి, అక్కడి పిల్లలతో కొత్త పాటలు కట్టడం మొదలుపెట్టింది. కొన్నేళ్ళకు ఒక ఆదివారం నేను ఆమె ఇంటికి వెళ్ళేసరికి వసారాలో ప్రసాద్ కూర్చుని ఉన్నాడు. ఆర్కెస్ట్రాల వెంట తిరిగి తిరిగి అలిసిన మొహం. “అక్కా, ఆ పొద్దు నేను...” అంటూ ఏదో చెప్పబోయాడు.

“అది నిదానంగా చెబుదువులే. ముందు గిటారు తియ్. ఈడ ఒక సరణం కుదరకుండా నన్ను సంపతా ఉండాది.”

ముగ్గురం పొద్దుగుంకే దాకా వాయించాం. ఆ చరణం ఆ రోజూ కుదరలేదు, ఆ తర్వాతా కుదరలేదు. అక్క పోయి చాలా ఏళ్ళయింది. ఉద్యోగం అయిపోయింది కదా, ఇక నిమ్మళంగా కూర్చోమని మా పిల్లలు అంటారు. కూర్చోలేను. ఏదో ఒకటి ఇంకా సరిగ్గా రాలేదన్న తొందర తెల్లవారగానే నన్ను డ్రమ్ముల దగ్గరికి లాక్కెళుతుంది. పక్కింటివాళ్ళు విసుక్కుంటారు. అయినా ఆ తొందర తగ్గిపోవాలని నేను ఒక్కనాడూ కోరుకోలేదు.