ఏడు పొరలూ, అమ్మ ప్రార్థనా

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లూ వైర్లూ చూసుకునేవాణ్ణి. నెట్‌వర్కింగ్ ఎవరి దగ్గరా నేర్చుకున్నవాణ్ణి కాను. పెట్టె మీద లైటు వెలిగితే బాగున్నట్టు, ఆరితే వైరు పీకి మళ్ళీ గుచ్చాలి. అంతే నా విద్య. ఇంతలో ఆ పని కొత్త కాంట్రాక్టరు చేతికి పోయింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే ఉంటారు, నెలాఖరులోగా నెట్‌వర్కింగ్ పరీక్ష పాసు కావాలి, లేనివాళ్ళు వేరే దారి చూసుకోండి అన్నారు. నలభై దగ్గర పడ్డవాడికి ఈ ఊళ్ళో వేరే దారి ఎక్కడుంది?

చదవడానికి కూర్చుంటే బుర్ర మొరాయించింది. ఒక కబురు ఈ కంప్యూటరు నుంచి ఆ కంప్యూటరుకు పోవాలంటే ఏడు పొరలు దాటాలట. సరే, అవి బట్టీ పట్టొచ్చు. సబ్‌నెట్టింగ్ నా ప్రాణం తీసింది. పెద్ద నెట్‌వర్కును చిన్న ముక్కలుగా కోసి, ఏ అడ్రసు ఏ ముక్కలో పడుతుందో ఒకట్లూ సున్నాలతో తేల్చాలి. రాసిన ప్రతి మాదిరి పరీక్షా తప్పాను. బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చాను కూడా. అంత దిక్కుతోచని రోజులు నాకు మళ్ళీ రాలేదు.

ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ చాలా ఏళ్ళు సండే స్కూల్లో పిల్లలకు బైబిలు వాక్యాలు కంఠత పట్టించిన మనిషి. నేను వసారాలో పొరల పేర్లు పైకి చదువుతుంటే చింతపండులో గింజలు తీస్తూ వినేది.

"ఫిజికల్ తర్వాత డేటాలింకు గదా నాయనా, దాన్ని మింగేసినావు" అనేది.

పరీక్ష సెంటరుకు పోవడానికి సెలవు ఇవ్వలేదు. డ్యూటీ అయ్యాక ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని రాయొచ్చన్నారు. ఎక్కడో ఉన్న మనిషి కెమెరాలో మనల్ని చూస్తుంటాడు, మైకులో వింటుంటాడు. గోడ మీద అక్షరం ఉండకూడదంటే వాక్యాల క్యాలెండరును అమ్మే తీసి లోపల పెట్టింది.

"నువ్వు గదిలోకి రావద్దు, ఎవరితోనూ మాట్లాడొద్దు" అని మరీ మరీ చెప్పాను.

"నేనెందుకు మాట్లాడ్తా? తలుపేసుకో పో" అంది.

పరీక్ష మొదలైంది. మొదటి ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత ఏమైందో గానీ, సబ్‌నెట్టింగ్ ప్రశ్న ఒకటి వచ్చింది, లెక్క దానంతటదే తేలింది. ఇంకోటి వచ్చింది, అదీ తేలింది. గట్టెక్కుతానని మొదటిసారి అనిపించింది.

అప్పుడే తలుపవతల అమ్మ గొంతు లేచింది. మా ఇంట్లో మాట్లాడటం వేరు, ప్రార్థన వేరు. నోరు తెరిచి చెయ్యకపోతే అమ్మకది ప్రార్థనే కాదు.

"ప్రభువా, నా బిడ్డ శానా కష్టపడినాడు. కంఠత పట్టినవన్నీ వానికి యాదికి తెప్పియ్యి తండ్రీ. ఫిజికల్, డేటాలింకు, నెట్‌వర్కు, ట్రాన్స్‌పోర్టు..."

ఏడూ వరసగా చెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు. కెమెరాలో చూసేవాడికి తెలుగు రాదు, ఆ పేర్లు మాత్రం బాగా వచ్చు. జవాబులు ఎవరు అందిస్తున్నారని తెర మీద అడిగాడు. మా అమ్మ, దేవుడితో చెప్పుకుంటోంది అని టైపు చేశాను. పరీక్ష రద్దయింది అన్న ఒక్క ముక్క కనిపించి తెర ఖాళీ అయిపోయింది.

ఒళ్ళు మండిపోయింది. నోటి నిండా మాటలు పెట్టుకుని తలుపు తీశాను. అమ్మ గడప పక్కనే మోకాళ్ళ మీద ఉంది. ముసుగు సర్దుకుని నా ముఖం చూసింది.

"పోయిందా నాయనా?"

తలూపాను.

గోడ పట్టుకుని లేచింది. "నేను లేటుగా మొదలుపెట్టినా. పొద్దున్నించే చేసుంటే దేవునికి ఇనబడిండేది."

నోట్లో ఉన్న మాటలన్నీ మింగాను. "నీదేం లేదమ్మా. నేనే సరిగ్గా చదవలేదు" అన్నాను.

ఆమె నమ్మలేదు. ఇన్నాళ్ళూ వసారాలో నా ఎదురుగా కూర్చున్న మనిషి ఎట్లా నమ్ముతుంది?