నా పేరున్న గ్రహశకలం

అప్పట్లో నేను రామచంద్రపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. నా విద్యార్థిని సుజాత ఉప్పునీటి బావుల మీద చేసిన ప్రాజెక్టుకు విదేశంలో జరిగిన పోటీలో బహుమతి వచ్చింది. కొన్ని నెలలకు, ఒకరోజు ప్రార్థన వేళ హెడ్మాస్టరు గారు నా చేతికి ఒక ఉత్తరం ఇచ్చి, "మైకులో చెప్పండి మేడం" అన్నారు. శాస్త్రవేత్తలు కనుగొన్న ఒక గ్రహశకలానికి పేరు పెట్టారన్న మొదటి వాక్యం చూడగానే సంతోషం పట్టలేక, "ఆకాశంలో ఇక మన సుజాత పేరుతో ఒక చిన్న గ్రహం ఉంటుంది" అని చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

సుజాత ఉత్తరం అందుకుని చదివి, "మేడం, ఇందులో ఉన్నది మీ పేరండి. గెలిచిన పిల్లల టీచర్ల పేర్లు కూడా పెడతారంటండి" అంది మెల్లగా. నేను సిగ్గుతో మైకు ముందు నుంచి పక్కకు జరిగాను. ఆ పిల్లే మైకు తీసుకుని నా పేరు గట్టిగా చదివింది.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు, "మన మీద పడదు కదమ్మా?" అన్నారు.

"పడదు అత్తయ్య గారూ. అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్య తిరుగుతుందండి."

ఆవిడ స్థిమితపడి, సాయంత్రానికల్లా వీధంతా చెప్పొచ్చారు.

ఆ గ్రహశకలాన్ని నేను ఇంతవరకూ చూడలేదు. తన పేరు కాదని తెలిసీ ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా, నాకంటే ఎక్కువ మురిసిపోయిన సుజాత ముఖం మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.