ఆ మంగళవారం హాజరు

నర్సరీలో ఆయా పనికి ఊరి పోలీసుల కాగితం అడుగుతారని నాకు ముందు తెలియదు. కువైట్‌లోని సబా అల్ సలేంలో ఒకే ఇంట్లో పదకొండేళ్ల నాలుగు నెలలు పిల్లల్ని పెంచాను. వాళ్లు పెద్దవాళ్లయ్యాక వాళ్లమ్మ, మేం మామా అనే ఆ ఇంటి యజమానురాలు, వేరే చోట పని చేసుకొమ్మని రిలీజ్ కాగితం ఇచ్చి, తనకు తెలిసిన నర్సరీలో చేర్చింది. అప్పటికి నాకు అరవైకి మూడేళ్లు తక్కువ. చేరిన తొమ్మిదో రోజున కాగితం వచ్చింది. అందులో నా మీద ఒక కేసు ఉంది. కర్రతో ఒకతని తల పగలగొట్టాననీ, కోర్టులో ఒప్పుకుని జరిమానా కట్టాననీ.

కొట్టింది నేను కాదు, నా తమ్ముడు.

కడప జిల్లాలోని మా ఊళ్లో ఒక మంగళవారం, ఉదయం పది దాటాక, కొళాయి దగ్గర గొడవైంది. ఆ సమయంలో నేను అంగన్‌వాడీలో పద్నాలుగు మంది పిల్లలకు గుడ్లు ఒలుస్తున్నాను. తమ్ముడికి అప్పుడే కువైట్ వీసా వచ్చింది. ప్రయాణం పెట్టుకున్నవాడి మీద కేసు పడితే ఇంట్లో ఇంకొకరి పేరు రాయించడం మా ఊరి పెద్దమనుషులకు మామూలే. "ఆడమనిషివి, జరిమానాతో పోతాది" అన్నారు. అంగన్‌వాడీ రిజిస్టరులో ఆ రోజు నా సంతకం ఉంది. వాళ్లు చెప్పినట్టే దాన్ని అడ్డంగా గీసి, పక్కన సెలవు అని నా చేత్తోనే రాశాను. పుస్తకంలో అబద్ధం రాయడం నా జన్మలో అదొక్కసారే.

నర్సరీ చూసుకునే మలయాళీ మేడం మంచిదే. "కేసు ఉన్నా పనిలో ఉంచమని మినహాయింపుకు అర్జీ పెట్టుకో. ఏం జరిగిందో రాయి. ఆ రోజు అక్కడున్న ఒకరి ఉత్తరం జతచెయ్యి" అని హిందీలో చెప్పి, పది రోజులు గడువిచ్చింది.

తమ్ముడు కువైట్‌లోనే, షువైఖ్‌లో లారీ తోలుతాడు. ప్రతి శుక్రవారం నా గదికి సంగటి తినడానికి వస్తాడు. ఆ శుక్రవారం, రోజూ ప్రతిదీ రాసుకునే నా లెక్కల పుస్తకం పక్కన పెట్టి, సంగతంతా చెప్పాను.

"జరిగింది రాయి, చాలు. శిక్ష నాకు ఎప్పుడో అయిపోయె."

"రాస్తాలేక్కా. నీ పుస్తకంలో నేను తిన్న ముద్దలు గూడా రాసి పెట్నావా ఏంది?"

"పోయిన వారం మూడు. ఈ పొద్దు నాలుగోది నడస్తాంది."

"పోలీసోళ్లు నయం నీకంటే!" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

సోమవారం ఉత్తరం ఉన్న కవరు ఇచ్చి వెళ్లాడు. అంటించి ఉంది. కరెంటు బిల్లయినా మందుల చీటీ అయినా చదవకుండా చెయ్యి దాటనివ్వను నేను. ఆ కవరు మాత్రం విప్పలేదు. తోడబుట్టినవాణ్ణి అనుమానించినట్టుంటుందని.

మేడం నా ఎదుటే విప్పి, ఇంగ్లీషులో ఉన్న ఉత్తరం చదివి, వాడు రాయించింది హిందీలో చెప్పింది. మా అక్కకు అప్పట్లో కోపం ఎక్కువ. నేను ఆపబోయాను, వినలేదు. ఇప్పుడు మారిపోయింది. పిల్లల్ని బాగా చూసుకుంటుంది.

"మంచి ఉత్తరం. తప్పు చేశాను, బాధపడుతున్నాను అని నువ్వూ రాసెయ్. ఖలాస్" అంది.

బయటికొచ్చి ఫోన్ చేశాను.

"ఆపబోయినావా నువ్వు?"

"అక్కా, నాకు లైసెన్సు ఉంది, ఈడ ఉండనిచ్చే ఇఖామా ఉంది, ఇద్దరు బిడ్డలుండారు. ఆ కాగితం యాడికి పోతాదో ఎవురికి తెల్సు? కోర్టులో ఒప్పుకున్న్యావు గదా, ఇంకొక్కసారి ఒప్పుకో. నీకేం కొత్త?"

రాయనని మొహం మీదే చెప్పి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. భయం నాకు అర్థమవుతుంది. కానీ నా కోపం వాడు ఎప్పుడు చూశాడు? వాడి కోసం కోర్టుకు ఏడు వాయిదాలు తిరిగాను. ఒక్కదానికీ ఆలస్యం కాలేదు.

అర్జీలో పశ్చాత్తాపం రాయమని ఒక గడి ఉంది. అందులో తెలుగులోనే రాశాను. నేను కొట్టలేదు. ఆ సమయానికి పిల్లల దగ్గర ఉన్నాను. కోర్టులో అబద్ధం చెప్పాను, నా హాజరు నేనే గీసేశాను. ఈ రెండింటికీ బాధపడుతున్నాను. కొట్టిందెవరో మాత్రం రాయలేదు.

అర్థం చెప్పించుకుని మేడం తల పట్టుకుంది. "ఆ ఉత్తరం ఒకటి చెబుతోంది, నువ్వొకటి చెబుతున్నావు. ఇలా అయితే మినహాయింపు రాదు."

"తెలుసు మేడం."

ఆరో రోజున అర్జీ కుదరదని తిరిగొచ్చింది. నర్సరీ పుస్తకంలో వెళ్లే సమయం రెండూ పది అని వేసి, సంతకం చేసి, గేటు దాటాను.

శుక్రవారం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, సంగటి చేసినావా?"

"చేసినా. ఒకరికే" అన్నాను.