విశ్రాంతమ్మ బరకం

ఏన్కూరు పక్క ఊళ్లో విశ్రాంతమ్మకు ఒక పెద్ద గుడ్డ బరకం ఉండేది. సత్తుపల్లిలో బొగ్గు లారీల మీద కప్పి కప్పి చిరిగిపోయినదాన్ని అక్కడే పాత బరకాలు కుట్టే మక్సూద్ అతుకులు వేసి అమ్మితే కొన్నది. ఎంత ఉతికినా బొగ్గు వాసన పోలేదు. మొగుడు పోయిన ఏడు గాలికి ఇంటికప్పు లేచిపోతే వానాకాలమంతా దాని కిందే గడిపింది. కూతురు అక్సా పెళ్లికి అదే పందిరి. మిరపకాయ ఎండబోసే రోజుల్లో రాత్రి మంచుకు కాయ మీద దుప్పటీ అదే.

2007 మార్చిలో మందిరం ముందు కొద్దిరోజుల ప్రార్థన కూడికలు పెట్టారు. పాస్టరు ఎబినేజర్ పందిరికి బరకం అడిగాడు. ఇచ్చింది. మందిరానికి ఇచ్చిన వస్తువును కూడికలు అయ్యేదాకా తిరిగి అడగకూడదని ఆ ఊళ్లో పట్టింపు. మార్చిలో వానేముందిలే అనుకుంది. ఏడాది పంటంతా కళ్లంలో పరిచి ఉంది. ఆ రాత్రికి పాత చీరలు కప్పి సరిపెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అడవి వైపు నుంచి మబ్బు లేచింది. తడిస్తే కాయ తెల్లబడుతుంది. తెల్లకాయను ఎవడూ ముట్టడు. ఆమె పరుగున పందిరి దగ్గరికి వచ్చేసరికి అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. ఎబినేజర్ మొదలుపెడితే ఓ పట్టాన ఆమేన్ రాదు. కాసేపు నిలబడి చూసింది. ఉరిమింది. ఇక ఆగలేదు. చెప్పులు విడిచి, గుంజలకు కట్టిన తాళ్లు ఒక్కోటీ విప్పసాగింది. ఒక ముడి బిగుసుకుపోతే పళ్లతో పీకింది. బరకం వచ్చి సంఘపెద్ద తోమాసు నెత్తిన పడింది.

"అయ్యో దేవా!" లోపల్నుంచి కేక.

"దేవుడు గాదు తోమాసన్నా, నేనే. జర లేయ్, అంచు నీ కింద వడ్డది."

పాస్టరు కళ్లు తెరిచాడు. "ఏంది విశ్రాంతమ్మా, ప్రార్థన నడుస్తుంటే గిట్లనా?"

"మీరు తడిస్తే ఆరుతరు అయ్యగారూ. నా కాయ తడిస్తే పోయినట్టే."

తోమాసే ముందు లేచాడు.

"గింత బరువు ఒక్కదానివి ఎట్ల మోస్తవ్? ఆ కొస ఇటియ్యి."

జనమంతా కళ్లానికి ఉరికారు. ఆడవాళ్లు కొంగులు దోపి కాయను కుప్పగా ఎగదోశారు. మగవాళ్లు బరకం లాగి కప్పారు. ఎబినేజర్ బైబిల్‌ను చొక్కాలో దోపుకొని వచ్చి అంచుల మీద రాళ్లు పెట్టాడు. అంతలోనే వాన దంచింది. కుప్పకు అందని చివరి కాయ తడిసింది. మిగతాది దక్కింది.

తెల్లారి ఎండకు బరకం ఆరగానే ఆమే మోసుకొచ్చి పందిరికి కట్టింది. ఈసారి అన్ని మూలలా ఒక్క లాగుకు ఊడే జారుముడులే వేసింది. పాస్టరు ఆ ముడులు చూశాడు. ఆ రోజు ప్రార్థన మాత్రం జల్దీ ముగించాడు.