ముసురులో పొదుగు మిషన్

మా ఆయన సౌదీ ఎడారిలో కోళ్ల ఫారంలో పనిచేస్తాడు. గుడ్లు పొదిగే మిషన్ ఒకటి కొనిపించి, కోరుట్లలో మా ఇంట్లో పెట్టించాడు. పెత్తనం మాత్రం అక్కడి నుంచే, వీడియో కాల్‌లో.

"నీళ్ల గిన్నె నిండుగ ఉంచు. గాలి బొక్కలు మూసెయ్, లేకుంటే గుడ్లు ఎండుతయ్," అనేవాడు.

ఇక్కడేమో వారంగా ముసురు. ఉతికిన బట్టలు ఆరక కంపు కొడుతున్నాయి. మిషన్ అద్దానికి లోపలి నుంచి నీళ్లు కారుతున్నాయి.

"గీడ ముసురు వట్టింది. జర గాలి ఆడనియ్యాలె," అన్నాను.

"నీకేం ఎరుక? నాకు రోజూ గిదే పని."

వాన ముఖం చూడని మనిషి నాకు తడి గురించి చెప్పాడు. బొక్కలు మూశాను.

గడువు దాటినా ఒక్క గుడ్డూ పగల్లేదు. చివరికి నేనే పగలగొట్టి చూశాను. ఈకలొచ్చి నిండుగా ఎదిగిన పిల్లలు, ఊపిరాడక, ముక్కులు పెంకుకు ఆనించుకుని తడిలోనే చచ్చిపోయి ఉన్నాయి. ఫోన్‌లో చూపించాను.

"ఆడోళ్లకు అప్పజెప్తే గింతే," అన్నాడు, నాతో కాదు, నా పక్కనున్న మా అత్తతో.

ఆ ముసురులోనే, మా కొట్టంలో గంప కింద గుడ్లు పొదిగిన కోడి, తన పిల్లలతో బయటికొచ్చింది. దానికెవరూ ఫోన్ చేయలేదు.